నల్లని మేను, మెలి తిరిగిన కొమ్ము

విజయవాడ హైవే మీద లారీల హోరు ఒకపక్క, ఆటోనగర్ షెడ్లలో ఇనుము మోత మరోపక్క. ప్రహరీ దాటి లోపలికి అడుగుపెట్టినా ఆ చప్పుళ్లు చెవిని వదలవు గానీ, కంటికి మాత్రం లోకం మారిపోతుంది. మార్గశిరపు తొలిపొద్దు తుమ్మకొమ్మల సందుల్లోంచి జారి, పండిన గడ్డి మీద పసుపూ రాగీ కలిసిన కాంతిని మెల్లగా పరుస్తుంది. మంచు తడి ఇంకా ఆరని ఆ గడ్డి అంచున మొదట రెండు కొమ్ములు లేస్తాయి. చేత్తో పేనిన తాడులా మెలిక మీద మెలిక తిరిగి, చెరోవైపు విచ్చుకుంటూ ఆకాశంలోకి సాగిన కొమ్ములు. వాటి కింద మసినలుపు ముఖం, కళ్ల చుట్టూ తెల్లని వలయాలు, నిగనిగలాడే నల్లని మెడ, నల్లని వీపు. గడ్డం కిందా పొట్ట కిందా కాళ్ల లోపలి వైపునా స్వచ్ఛమైన పాలతెలుపు. నలుపు ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పవచ్చు. ఇర్రి, అంటే మగ కృష్ణజింక, తల ఎత్తి నిలబడుతుంది. చూసేవాడికి కాసేపు మాట రాదు.

హైదరాబాదు ఎల్బీనగర్‌లో మెట్రో దిగితే కాస్త దూరంలోనే ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఇది. ఒకనాడు నిజాం కుటుంబపు వేటమైదానం. మహావీరుని 2500వ నిర్వాణ సందర్భాన 1975లో ఆ అహింసామూర్తి పేరు పెట్టుకుంది, 1994లో జాతీయ పార్కు అయింది. తుపాకులు పేలిన నేలకు ఇంతకంటే తగిన పేరు మరొకటి దొరికేది కాదేమో.

ఇర్రికి కొంచెం ఎడంగా దాని ఆడది, లేడి, మేస్తూ ఉంటుంది. తేనెరంగు ఒళ్లు, కొమ్ముల్లేని నున్నని తల. ఎండుగడ్డిలో కదలకుండా నిలబడిందంటే ఇక గడ్డేదో లేడేదో తెలియదు. మగపిల్లలు కూడా పుట్టేది ఈ తేనెరంగులోనే. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమవన్నె ముదిరి, కొమ్ము మెలికలు పెరిగి, నిండు వయసుకు ఆ నలుపు కమ్ముకొస్తుంది. నిజానికి ఇదొక వింత. నిత్యం ప్రాణభయంతో బతికే జంతువు, పట్టపగలు ఎంతో దూరానికి కొట్టొచ్చినట్టు కనబడే రంగును ఎందుకు ధరించినట్టు?

జవాబు లేడి కళ్లలో ఉంది. జతకట్టే కాలంలో ఇర్రులు తలా ఒక బరి గీసుకుంటాయి. పెంటికల కుప్పలే ఎల్లలు. మూతి పైకెత్తి, కొమ్ములు వీపుకు ఆనేలా వాల్చి, తోక పైకి చుట్టి, బిగిసిన కాళ్లతో ఇర్రి రాజసంగా నడుస్తుంది. పక్క బరిలోని మగది దూసుకొస్తే కొమ్ములు కొమ్ములు పెనవేసుకుని దుమ్ము రేగుతుంది. లేళ్లు మాత్రం ఏ తొందరా లేకుండా ఆ బరుల మధ్యగా నడుస్తూ చూస్తాయి. దేన్ని మెచ్చితే దాని నలుపూ దాని మెలికలే బిడ్డల్లోకి దిగుతాయి. అలా వేల తరాల లేళ్ల చూపులు చెక్కిన రూపం ఈ ఇర్రి. హైదరాబాదు ముఖం ఎన్నడూ చూడని డార్విన్, 1871లో మనిషి పుట్టుక మీద రాసిన గ్రంథంలో ఈ జింకనూ తలచుకున్నాడు. మగది దాదాపు నల్లన, కొమ్ముల్లేని ఆడది లేతరంగన్న సంగతీ, జతకట్టే కాలాన్ని బట్టి మగదాని రంగు మారుతుందన్న సంగతీ ఆయన గమనికలో ఉన్నాయి.

ఎక్కడో కొమ్మ విరుగుతుంది. మంద ఉలిక్కిపడుతుంది. ఒక లేడి నిలువునా గాలిలోకి ఎగురుతుంది, దాని వెనకే మరొకటి. తేనెరంగు అలలు లేచి పడుతూ లేచి పడుతూ, చూస్తుండగానే పరుగుగా మారిపోతాయి. గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకోగల పరుగు! ఊరకుక్కను తప్పించుకోవడానికి ఇంత వేగం అక్కర్లేదు. ఒకప్పుడు ఈ గడ్డినేలల్లో చీతా ఉండేది, తోడేలు ఉండేది. తరుముతున్న పంజాకు అందినవి పోయాయి, అందనివి పిల్లల్ని కన్నాయి. ప్రకృతి వరణం అంటే అంతే, అంత కఠినం. 1947లో మన దేశంలోని కొరియా సంస్థానంలో మూడు చీతాల్ని కాల్చేశారు. 1952లో దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి కూనో జాతీయ పార్కులో వదిలారు గానీ, హయత్‌నగర్ దరిదాపుల్లో దాని జాడ లేదు. పోయిన శత్రువు వేగం ఇంకా ఈ సన్నని కాళ్లలో పరుగెత్తుతోంది.

సరే, ఉన్న జాతి మెరుగుపడటం వేరు, ఒక జాతి రెండు కావడం వేరు. ఆ రెండోది తెలియాలంటే బండల దగ్గరకు వెళ్లాలి. ఈ తూర్పు శివారంతా గుండ్ల నేల. 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు. గులాబీ, బూడిద, తుప్పు ఎరుపు రంగుల్లో, ఎండకు పొరలు పొరలుగా విచ్చి, ఒకదాని మీద ఒకటి పడిపోకుండా నిలిచిన రాళ్లు. పొద్దు వాలాక ఆ వేడి పగుళ్లలోంచి బల్లి బయటికొస్తుంది. మచ్చల మచ్చల మట్టిరంగు ఒళ్లు, రాతిని కరచిపట్టుకునే వేళ్లు, రెప్ప వాల్చని కళ్లు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో ట్యూబులైటు దగ్గర పురుగుల కోసం కాచుకునే గోడబల్లికి ఇది దగ్గరి చుట్టం, ఇద్దరిదీ హెమిడాక్టిలస్ ప్రజాతే. తెలంగాణ పీఠభూమి రాతిగుట్టల నుంచి ఈ ప్రజాతికే చెందిన రెండు కొత్త జాతుల్ని 2020లో శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. ఫ్లావికాడస్, జెరికోలస్. మొదటిది పసుపుతోకది, రెండోది పొడినేలది.

బండనే నమ్ముకున్న బల్లికి రెండు గుట్టల మధ్య మట్టినేల దాటరాని సముద్రం. ఈ గుట్ట మీద వచ్చిన మార్పు ఆ గుట్టకు చేరదు. ఇక్కడి రాయి రంగు ఒకరకం ఒంటిని కాపాడితే, అక్కడి ఎండ మరోరకాన్ని నిలబెడుతుంది. కొన్ని మార్పులు ఏ ప్రయోజనమూ లేకుండా కేవలం కాకతాళీయంగా నిలిచిపోతాయి. లక్షల ఏళ్లు అలా సాగాక రెండు వైపుల బల్లులూ ఎదురుపడినా జతకట్టవు. అప్పటికి ఒక జాతి రెండయింది.

వేర్పాటు ఎప్పుడూ సృష్టికే దారితీస్తుందనుకుంటే పొరపాటు. వనస్థలి కూడా ఇప్పుడు ద్వీపమే, చుట్టూ రోడ్లూ కాలనీలూ. చిన్న మందలో కాకతాళీయానికి బలమెక్కువ. కొత్త రక్తం రాకపోతే వైవిధ్యం తరం తరానికీ సన్నగిల్లుతుంది. కొత్త జాతి పుట్టడానికి లక్షల ఏళ్లు కావాలి, ఉన్నది చిక్కిపోవడానికి మనిషి జీవితకాలం చాలు. కాబట్టి ఈ జింకల్ని కంచె వేసి వదిలేస్తే సరిపోదని నా అభిప్రాయం.

బండల మీది బల్లుల విషయంలోనైతే మన చేతిలో ఉన్న చిన్న పని ఒకటుంది. నాగోలు నుంచి వనస్థలిపురం దాకా మీ ప్లాటు పక్కన ఇంకా పేల్చని గుండు ఏదైనా మిగిలి ఉంటే, రాళ్లు కొట్టేవాళ్లను పిలిచే ముందు ఓ రాత్రి టార్చి పట్టుకుని దాని పగుళ్లలోకి చూడండి. బల్లి కనబడితే ఫొటో తీసుకోండి, దాన్ని ముట్టుకోకండి, గుండును అలాగే ఉండనివ్వండి.