కొత్త చేతికి తగిన బంతి

సాహిత్య పుటలో గాల్ఫు బంతి ముచ్చట యేమని పాఠకులు ముక్కు మీద వ్రేలు వేసికొనవచ్చును. కాని ఏ విద్యయందైనను అధికారి భేదమును పాటింపవలెనని మన పెద్దలు ఏనాడో చెప్పియున్నారు. అక్షరాభ్యాసము నాడు శిశువు చేతికి పలక నిత్తురు గాని ప్రబంధము నీయరు. అరుంధతిని చూపదలచినవాడు మొదట దాని చెంతనున్న పెద్ద చుక్కను చూపి, చూపు నిలిచిన పిమ్మట చిన్న చుక్కను చూపును. దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరు. ఈ న్యాయము గాల్ఫు మైదానమునందు కూడ చెల్లుననియు, దానిని మరచినవాడు డబ్బును ఉత్సాహమును రెంటిని పోగొట్టుకొనుననియు తెలుపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ఆట నేడు మనవారికి అపరిచితము కాదు. గోలకొండ నయా ఖిల్లాలో పాతకోట గోడల నడుమ గాల్ఫు మైదానమున్నది. విశాఖపట్టణమున ఈస్టు పాయింటు క్లబ్బు ఉన్నది. విదేశములలో స్థిరపడిన మన పిల్లలు కొందరు సెలవునాళ్ల యందు కర్రల సంచి భుజమున వేసికొని బయలుదేరుదురు. వీరిలో కొత్తగా కర్ర పట్టినవాడు బంతుల కొరకు అంగడికి పోవును. అచ్చట పెట్టెలు బారులు తీరియుండును. వెలలో ఒకదానికొకదానికి హస్తిమశకాంతరము. టెలివిజనులో విజేత కొట్టిన బంతి పేరు వానికి జ్ఞప్తికి వచ్చును. విజేతకు మేలైనది తనకును మేలే గదా యని దానిని కొనును. పొరపాటు ఇచ్చటనే మొదలగును.

ఈ ఆటలో 'హ్యాండికాపు' అను ఒక అంకె కలదు. నేర్పరితో నేర్పు చాలనివాడు సరిసమానముగా పోటీ పడుటకై దెబ్బల లెక్కలో ఇచ్చెడు రాయితీయే అది. 2020 నుండి అమలునందున్న ప్రపంచ పద్ధతి ననుసరించి దీని గరిష్ఠ పరిమితి 54. అంకె పెద్దదైన కొలది ఆటగాడు చిన్నవాడని అర్థము. పరీక్షలోని మార్కుల వలె ఎక్కువ వచ్చినదని సంతోషింపరాదు. మన ముచ్చట ఆ పెద్ద అంకెగలవారిని గూర్చియే.

బంతి చరిత్రము కొంత తెలిసినచో ఎంపిక సులభమగును. పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు స్కాట్లండులో తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి, మూతికుట్టి బంతులు చేసెడివారు. చేయితిరిగిన పనివాడు సైతము దినమునకు కొలది బంతులను మాత్రమే చేయగలిగెడివాడు. వానలో తడిసినచో అది బరువెక్కును. కర్ర అంచు తగిలినచో పగులును. వెల సామాన్యునకు అందెడిది కాదు. 1848 ప్రాంతమున గట్టాపర్చా అను చెట్టుపాలతో చేసిన బంతి వచ్చెను. తూర్పు దేశముల నుండి స్కాట్లండునకు వచ్చిన విష్ణు విగ్రహమొకటి పగులకుండుటకై పెట్టెలో దాని చుట్టును ఈ గట్టాపర్చాను పెట్టిరనియు, దానిని చూచి రాబర్టు పేటర్సను అను విద్యార్థి బంతి చేసెననియు గాల్ఫు లోకమున ఒక ఐతిహ్యము కలదు. ఈకల బంతుల తయారీలో పేరుపొందిన ఆలన్ రాబర్ట్‌సను ఈ కొత్త బంతి తన జీవనమునకు ముప్పు తెచ్చునని కోపగించెను. తన సహాయకుడైన టామ్ మారిస్ దానితో ఆడెనని తెలిసి వానితో తగవుపడి విడిపోయెను. కాని చౌకయై, మన్నికగల వస్తువు వచ్చిన పిమ్మట కోపము ఎన్నాళ్లు నిలుచును? ఆట నలుగురి నడుమకు వచ్చెను.

ఇచ్చట ఒక విచిత్రము జరిగెను. గట్టాపర్చా బంతి కొత్తలో నున్నగా నుండి సరిగా ఎగిరెడిది కాదు. దెబ్బలు తిని గాట్లు పడిన పాత బంతియే దూరము పోవుచుండెను. ఇది కనిపెట్టి జనులు కొత్త బంతిని సుత్తితో కొట్టి గాట్లు పెట్టనారంభించిరి. నేటి బంతిపై మనము చూచెడు చిన్న గుంతలకు మూలమిదియే. ఆంగ్లేయుడైన విలియం టేలర్ 1905లో ఈ గుంతల రూపమునకు పేటెంటు పొందెను. గుంతలు బంతిని అంటియున్న గాలి పొరను కలచివేయును. అందుచే ఆ పొర బంతిని త్వరగా విడువక వెనుకవైపు వరకు అంటుకొని పోవును. బంతి వెనుక సుడి చిన్నదగుటచే దానిని వెనుకకు లాగెడు బలము తగ్గును.

1898లో అమెరికా దేశీయుడు కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారమును బిగువుగా చుట్టి బంతి చేయు పద్ధతిని కనుగొనెను. 1902లో శాండీ హెర్డ్ ఈ బంతితో ఆడి బ్రిటిషు ఓపెను పోటీ గెలుచుటతో గట్టాపర్చాకు కాలము చెల్లెను. పిదప బలాటా అను మెత్తని తొడుగు చాలకాలము రాజ్యమేలినది. అది నేర్పరికి అమృతము. సరిగా తగులని దెబ్బకు మాత్రము ఇట్టే చీలిపోయెడిది. 1960ల దశకమున డ్యూపాంట్ సంస్థ సర్లిన్ అను గట్టి పదార్థమును తయారుచేసెను. చీలని తొడుగు దొరకినది. ఈకల నాటి నుండి సర్లిన్ వరకు ఈ చరిత్రలోని పెద్ద మలుపులన్నియు ఒక్క మాటనే చెప్పుచున్నవి: సామాన్యుని తప్పును ఓర్చుకొను బంతి వచ్చినప్పుడెల్ల ఆట విస్తరించినది.

నేడు నియమముల ప్రకారము బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కావున బయటికి అన్నియు ఒకే తీరుగా కనబడును. భేదమంతయు లోపలనే. స్థూలముగా రెండు జాతులు కలవు. మొదటిది రెండు పొరల బంతి: లోపల రబ్బరు ముద్ద, పైన సర్లిన్ వంటి అయొనమర్ తొడుగు. రెండవది మూడు, నాలుగు, ఒక్కొక్కప్పుడు ఐదు పొరలతో, యూరిథేన్ అను మెత్తని తొడుగుతో చేసినది. 2000 సంవత్సరమున పోటీలలోనికి వచ్చిన టైటిలిస్ట్ ప్రో వీ వన్ ఈ జాతిలో ప్రసిద్ధము. దీని విశేషమంతయు తిరుగుడులో నున్నది. నేర్పరి చిన్న కర్రతో మీటగా అది గిరగిర తిరుగుచు పోయి, గుంటను చుట్టియున్న పచ్చికపై పడి టక్కున నిలిచిపోవును.

ఆ తిరుగుడే కొత్తవానికి శత్రువు. బంతి వెనుకకు తిరుగుచు పోవునపుడు గాలి దానిని పైకి లేపును. కర్ర ముఖము ప్రక్కకు తిరిగియుండగా దెబ్బ తగిలినచో ఆ తిరుగుడు ఒక ప్రక్కకు ఒరిగి, బంతిని కూడ ఆ ప్రక్కకే ఈడ్చుకొనిపోవును. కుడిచేతి వాటముగల అభ్యాసి కొట్టిన బంతి సూటిగా పోక కుడిప్రక్క పొదలలోనికి వంగిపోవుట ఈ కారణము చేతనే. దీనినే 'స్లైసు' అందురు. పెద్ద కర్రతో కొట్టినపుడు తక్కువగా తిరుగు బంతి తక్కువగా వంగును. రెండు పొరల అయొనమర్ బంతి సామాన్యముగా ఇట్టిది. ఇది దోషమును పోగొట్టునని భ్రమింపరాదు. దోషమును పెంచి చూపక కొంత కప్పిపుచ్చును. పచ్చికపై వెంటనే నిలువదనుట నిజమే. కాని బంతిని మొదట పచ్చిక దరికి చేర్చలేనివానికి, అది పచ్చికపై నిలుచు విద్యతో పని యేమి? కొంచెము ముందుగా నేల తాకించి దొర్లించుట నేర్చినచో చాలును.

ఇక రెండవ కారణము వెల. అభ్యాసి ఒక్క ఆటలో రెండు మూడు బంతులు నీటిపాలు, పొదలపాలు చేయుట వింత కాదు. 2019 నుండి తప్పిపోయిన బంతిని వెదకుటకు మూడు నిమిషములే గడువు. దొరకనిచో ఒక దెబ్బ జరిమానాతో మరల మొదటి చోటికి పోయి కొట్టవలెను. ఖరీదైన బంతిని ఎదుట పెట్టుకొన్నవాని మనస్సు గురిపై నుండదు, చెరువుపై నుండును. పోవునేమో యన్న భయము భుజమును బిగియజేయును. బిగిసిన భుజము బంతిని చెరువులోనికే పంపును. కావున పోయినను విచారము కలుగని బంతియే నేర్చుకొనువానికి గురువు వంటిది. ఒకరు వాడి విడిచిన బంతులను శుభ్రపరచి తక్కువ వెలకు అమ్ముదురు. పగుళ్లు లేనివి ఏరుకొని వాడుటలో చిన్నతనము లేదు. పైన రంగు పూసి కొత్తవానివలె చేసిన వానియెడ మాత్రము జాగ్రత్త వహింపవలెను.

అంగడిలో మరికొన్ని మాటలు వినబడును. 'కంప్రెషన్' అనగా దెబ్బకు బంతి ఎంతమాత్రము అణగునో తెలుపు కొలత. అంకె చిన్నదైనచో బంతి మెత్తన. మెత్తని బంతి నెమ్మదిగా కొట్టువానికి తప్పక ఎక్కువ దూరము పోవునన్న ప్రచారమును పూర్తిగా నమ్మరాదు. అచ్చటి భేదము స్వల్పము. చేతికి హాయిగా తోచినదానిని ఎన్నుకొనుటయే మేలు. బంతిపై అచ్చువేసిన 1, 2, 3, 4 అంకెలు గుణమును తెలుపునవి కావు. తోటివాని బంతితో మన బంతి కలిసిపోకుండుటకు గుర్తులు మాత్రమే. పసుపు, నారింజ రంగుల బంతులు చూపు తగ్గినవారికి పచ్చికలో త్వరగా కనబడును.

ఎన్నుకొనుటకు ఒక మార్గము: చవుకలో దొరకు రెండు పొరల బంతులు రెండు మూడు రకములు తెచ్చుకొనుడు. మొదట పచ్చికపై గుంటలోనికి దొర్లించి చూడుడు. పిమ్మట పదిగజముల నుండి, ఆ పిమ్మట దూరము నుండి కొట్టి చూడుడు. ఎక్కువ దెబ్బలు పచ్చిక దరిదాపులనే పడును గనుక పరీక్ష అచ్చటనే మొదలుపెట్టవలెను. నచ్చిన రకమును ఒకదానిని నిర్ణయించుకొని కొన్ని నెలలు దానినే వాడుడు. ఆటకొక బంతి మార్చువానికి తప్పు చేతిలోనున్నదో బంతిలోనున్నదో తెలియదు.

పచ్చికకు తరచుగా చేరుచు, చేరిన బంతి నిలువక ఆవలికి దొర్లిపోవుచున్నదని విసుగు కలిగిననాడు యూరిథేన్ బంతిని కొనవచ్చును. అంతవరకు దాని డబ్బుతో నాలుగు పాఠములు చెప్పించుకొనుట లాభము. కొడుకునకో అల్లునికో కానుక ఈయదలచిన పెద్దలు సైతము ఈ విషయమును గమనింతురు గాక. విజేత బంతులు డజను కంటె సామాన్యపు బంతులు మూడు డజనులు వారిని ఎక్కువ దినములు మైదానమున నిలుపును.