పరదేశంలో ల్యాప్‌టాప్‌కు నెట్టు: పేరు మనది, పూచీ మనది

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలోని ముస్లిం వాడలకు గల్ఫ్ దేశాలతో అనుబంధం ఈనాటిది కాదు. కువైత్‌కూ, సౌదీ అరేబియాకూ, ఖతర్‌కూ కడప జిల్లా నుంచి వలస తరాలుగా సాగుతూనే ఉంది. ఒకప్పుడు వెళ్ళినవారు చాలావరకు డ్రైవర్లు, వంటవారు, ఇంటిపనివారు, కూలీలు. నేడు వారితోపాటు డిగ్రీలు, డిప్లొమాలు పూర్తిచేసిన యువకులు కూడా లెక్కలు రాసే ఉద్యోగాలకూ, కంప్యూటరు పనులకూ వెళుతున్నారు. వారి సంచిలో పాస్‌పోర్టు పక్కనే ల్యాప్‌టాప్ కూడా ఉంటున్నది. విమానం దిగిన మొదటి వారంలోనే వారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ ల్యాప్‌టాప్‌కు నెట్టు ఎలా వస్తుంది?

పైకి ఇది చిన్న ప్రశ్న. కాని, దూరదేశంలో ఉన్న తండ్రికీ ఇక్కడున్న బిడ్డకూ మధ్య నిలిచే దారం అదేనని గుర్తిస్తే దాని బరువు తెలుస్తుంది. 1980లలో ఆ దారం ఉత్తరం రూపంలో, మాటలు నింపి పంపే క్యాసెట్ రూపంలో ఉండేది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైత్‌ను ఆక్రమించినప్పుడు ఆ దారం తెగిపోయింది. లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చేవరకు, తమవారు ఎక్కడున్నారో తెలియక ఎన్ని ఇళ్ళలో తల్లులు ముసల్లా మీద కన్నీరు పెట్టుకున్నారో అల్లాహ్‌కే తెలుసు. ఆ తరం ఎరిగిన వేదనతో పోలిస్తే నేటి సౌకర్యం గొప్ప అనుగ్రహం. ప్రతి అనుగ్రహానికీ ఒక లెక్క ఉంటుంది. కనుక ఈ విషయాన్ని సాంకేతికంగానే కాక, అమానతుగా కూడా చూడాలని మేము భావిస్తున్నాము.

సిమ్ ఎవరి పేర ఉండాలి?

కువైత్‌లో జైన్, ఊరీడూ, ఎస్‌టీసీ. సౌదీలో ఎస్‌టీసీ, మొబైలీ, జైన్. ఖతర్‌లో ఊరీడూ, వొడాఫోన్. యుఏఈలో ఎతిసలాత్, డూ సంస్థలు మొబైలు సేవలు అందిస్తున్నాయి. నివాస అనుమతి ఉన్నవారు తమ గుర్తింపు కార్డుతో సిమ్ తీసుకోవాలి. అది కువైత్‌లో సివిల్ ఐడీ, సౌదీలో ఇఖామా. సౌదీలో 2016 నుంచి వేలిముద్ర కూడా తప్పనిసరి అయింది.

ఇక్కడే మన యువకులు తొందరపడుతున్నారు. కార్డు చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఆగలేక, గదిలోని మరొకరి పేర ఉన్న సిమ్‌ను అడిగి వాడుకుంటారు. కొందరు డబ్బుకు ఆశపడి తమ పేర సిమ్‌లు తీసి ఇతరులకు ఇస్తారు. ఆ సిమ్‌తో ఎవరైనా మోసం చేస్తే పోలీసులు వెదికేది కార్డుమీద పేరున్న మనిషినే. ‘నేను వాడలేదు’ అన్న మాటను పరాయి భాషలో, పరాయి ఠాణాలో నిరూపించడం సులభం కాదు. స్నేహితుని పేరును మన అవసరానికి తాకట్టు పెట్టడం స్నేహం కాదు. కార్డు వచ్చేవరకు, పాస్‌పోర్టుపై సందర్శకులకు ఇచ్చే సిమ్‌కు మన వీసా వర్తిస్తుందేమో కంపెనీ దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. వర్తించకపోతే కొద్దికాలం ఓర్చుకోవడమే మేలు.

ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు

ఫోనులో నెట్టు ఉంటే ల్యాప్‌టాప్‌కు వేరే కనెక్షన్ అవసరం లేదు. ఫోను సెట్టింగులలో హాట్‌స్పాట్ తెరిచి, గట్టి పాస్‌వర్డు పెట్టి, ల్యాప్‌టాప్‌లో వైఫై ద్వారా దానిని ఎంచుకుంటే చాలు. ఎక్కువసేపు పని ఉన్నప్పుడు యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేయడం ఇంకా మంచిది. బ్యాటరీ తరిగిపోదు, గదిలోని ఇతరులు మన నెట్టులోకి చొరబడే వీలూ ఉండదు. రోజూ గంటల తరబడి ల్యాప్‌టాప్‌పై పని చేసేవారికి, సిమ్ వేసుకునే చిన్న పాకెట్ రౌటర్ గాని, డాంగిల్ గాని అనువుగా ఉంటుంది. అయితే మన దేశంలో ఒక కంపెనీ తన సిమ్‌కు మాత్రమే పనిచేసేలా అమ్మిన పరికరం అక్కడి సిమ్‌ను స్వీకరించదు. ఊరినుంచి మోసుకుపోయే ముందే ఈ సంగతి విచారించుకోవాలి.

ప్లాను తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. హాట్‌స్పాట్‌కు అనుమతి ఉందా? నిర్ణీత డేటా అయిపోతే వేగం తగ్గుతుందా, లేక అదనపు రుసుము పడుతుందా? ఏడాది ఒప్పందమైతే మధ్యలో మానుకున్నప్పుడు ఎంత చెల్లించాలి? నెలవారీ బిల్లుపై ఫోనో, రౌటరో వాయిదాలలో తీసుకొని, ఉద్యోగం పోగానే బాకీ వదిలి వచ్చేయవచ్చునని అనుకోవడం ధర్మమూ కాదు, తెలివీ కాదు. అల్‌మాయిదా సూరా మొదటి ఆయతే విశ్వాసులకు ఒప్పందాల పాలనను విధిగా చేసింది. లౌకికంగా చూసినా, గల్ఫ్ దేశాలలో బాకీ కోర్టుకెక్కితే ప్రయాణ నిషేధానికి దారితీయవచ్చు. ఇంట్లో మరణవార్త విని బయలుదేరినవాడు విమానాశ్రయంలో ఆగిపోవలసిన గతి ఎవరికీ పట్టకూడదు. ముందుగా చెల్లించే ప్రీపెయిడ్ ప్లానే కొత్తవారికి క్షేమం.

డేటాకు కొలత

గంటసేపు వీడియోలో మాట్లాడితే సుమారు అర జీబీ నుంచి ఒక జీబీ వరకు ఖర్చవుతుంది. మాట మాత్రమే వినే కాల్‌కు అందులో స్వల్పభాగం సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు ఫోను నెట్టు కలపగానే అది ఇంటి వైఫై అనుకొని, మనకు తెలియకుండానే విండోస్ అప్‌డేట్లను, ఫోటోల నిల్వను దించుకోవడం మొదలుపెడుతుంది. నెలకు సరిపడే డేటా రెండు రోజులలో అయిపోయిందని వాపోయేవారిలో చాలామంది ఇందుకే నష్టపోతారు. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగులలో ‘మీటర్డ్ కనెక్షన్’ అన్న మీటను తిప్పితే ఈ దుబారా చాలావరకు ఆగుతుంది. వీడియోలు వాటంతటవే ఆడకుండా ఆపివేస్తే మరికొంత మిగులుతుంది.

దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలియనిది కాదు. రాత్రంతా సినిమాలకు డేటా ధారపోసి, ‘నెట్టు అయిపోయింది, అందుకే ఫోన్ చేయలేదు’ అని భార్యకు చెప్పడం ఎంతవరకు న్యాయం? మొదటి వాటా ఇంటికి, రెండవ వాటా ఉపాధికి, మిగిలినదే వినోదానికి. ఈ వరుసను పాటించేవారి కుటుంబాలు దూరాన్ని తట్టుకొని నిలుస్తాయి.

పదిమంది గదిలో

ఒకే గదిలో ఆరుగురు, ఎనిమిది మంది కలిసి ఒక రౌటర్ పెట్టుకోవడం అక్కడ సాధారణం. తప్పులేదు. కాని ఎవరి వాటా ఎంత, ఎవరు ఏ తేదీన చెల్లించాలి అన్నది కాగితంపై రాసుకోవాలి. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పులను రాసిపెట్టుకోమని చెప్పేదే. పక్కగది వైఫై పాస్‌వర్డును యజమానికి తెలియకుండా సంపాదించి వాడుకోవడం దొంగతనమే. అనుమతి లేనిదే పరాయి గడప దాటరాదని నూర్ సూరా నేర్పిన మర్యాద కంటికి కనబడని గడపలకూ వర్తిస్తుంది.

మరొక సున్నితమైన విషయం. పదిమంది మగవారు మసలే గదిలో ల్యాప్‌టాప్ తెర తెరిచి ఇంటివారితో వీడియోలో మాట్లాడటం భార్య పరదాకు భంగం. తెర గోడవైపు తిప్పుకోవాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేదా మాట మాత్రమే వినే కాల్ చేయాలి. ఆమె మాటలు అమానతు. గది అంతా వినవలసినవి కావు.

ఆ దేశపు చట్టం

సౌదీ ప్రభుత్వం 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని సడలించింది. యుఏఈలో వాట్సాప్ కాల్స్ ఇంకా నిరోధంలోనే ఉన్నాయి. అక్కడ బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లను వాడాలి. నిషేధాన్ని దాటడానికి కొందరు వీపీఎన్‌ను ఆశ్రయిస్తారు. నేరానికి వీపీఎన్ వాడినవారికి ఆ దేశ చట్టం 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హముల జరిమానా నిర్ణయించింది. వీసా తీసుకున్నామంటే ఆ దేశపు నియమాలకు కట్టుబడతామని మాట ఇచ్చినట్లే.

ఇంటివైపు నుంచి

బయలుదేరేవారు ఇక్కడి సిమ్‌ను పారవేయరాదు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అంతర్జాతీయ రోమింగ్ ముందే చేయించుకొని, డేటా రోమింగ్‌ను మాత్రం ఆపివేసి, గడువు ముగియకుండా ఇంటివారు చిన్న రీచార్జి చేస్తూ ఉండాలి. ఇంట్లో వృద్ధులకు ఓటీపీని ఎవరికీ చెప్పరాదని పదేపదే నేర్పాలి.

కువైత్, సౌదీల గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ సాయంత్రం ఆరు. ఇంట్లో ఇషా ముగిసి పిల్లలు నిద్రపోయేలోగా తండ్రి పని ముగియకపోవచ్చు. కనుక వారానికి రెండు రోజులైనా సమయం నిర్ణయించుకోవాలి. శుక్రవారం అక్కడ సెలవు, అది అందుకు అనువైనది. మదర్సాలో పిల్లలకు పాఠం చెప్పే మేము గమనించిన ఒక సంగతి చెబుతాము. ‘ఈ జుమాకు అబ్బాకు సబఖ్ వినిపించాలి’ అన్న పిల్లవాడు గురువారమే వచ్చి, తడబడే ఆయత్‌ను మళ్ళీ మళ్ళీ చదువుకుంటాడు. తండ్రి పంపిన కానుకలతో రాని శ్రద్ధ, తండ్రి వింటున్నాడన్న తలంపుతో వస్తుంది. ఆ అరగంటకు అయ్యే ఖర్చు కొన్ని వందల ఎంబీలు మాత్రమే.

పరదేశంలో ఉన్న మన సోదరుల సంపాదనలో, సమయంలో, మాటలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! దూరం వారి ఇళ్ళ మధ్య గోడ కాకుండా కాపాడుగాక! ఆమీన్.