కోడి దాణాలో సున్నం: పెట్టకు మేలు, పిల్లకు కీడు

సత్తెనపల్లి: ప్రతి గుడ్డు పెంకులోనూ సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అది దాణా నుంచి అందకపోతే పెట్ట తన ఎముకల్లో దాచుకున్నదే తీసి పెంకుకు పోస్తుంది. కొన్నాళ్లు గుడ్లు మామూలుగానే వస్తాయి. తర్వాత తోలు గుడ్లు మొదలవుతాయి. చివరకు పంజరాల్లో కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలబడతాయి. ఇది తెగులేమోనని మందులకు డబ్బు తగలేసే ముందు దాణా లెక్క చూసుకోవడం మంచిది.

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో 4 గ్రాముల దాకా కాల్షియం ఉండాలి. ఇందుకు క్వింటాలు దాణాలో 8 నుంచి 10 కిలోల సున్నపురాయి నూక గాని, గుల్ల గాని పడాలి. అంతా మెత్తని పొడి కాకుండా కొంత నూకగా ఉంటే మేలు. పెంకు ఎక్కువగా రాత్రివేళ తయారవుతుంది. నూక కందనకాయలో నిలిచి, మెల్లగా కరుగుతూ అప్పటి అవసరం తీరుస్తుంది.

సున్నపురాయికి ఈ ప్రాంతంలో కొరత లేదు. పొరుగునే ఉన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది. అయితే బట్టీలో కాల్చిన సున్నం దాణాలో వేయరాదు. అది కోళ్ల నోరు, అన్నవాహిక పొక్కిస్తుంది. కాల్చని రాయినే వాడాలి. మెగ్నీషియం హెచ్చుగా ఉన్న రాయి అయినా రెట్ట పలచబడి, పెంకు చెడుతుంది.

పెట్టల దాణా మిగిలింది కదా అని పిల్లలకు వేయడం ప్రమాదం. పెరిగే కోళ్లకు సుమారు 1 శాతం కాల్షియం చాలు. అంతకు చాలా మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. చనిపోయిన పిల్లను కోసి చూస్తే గుండె, కాలేయం మీద సుద్ద చల్లినట్టు తెల్లని పూత కనిపిస్తుంది. దీన్ని గౌట్ అంటారు.

కాల్షియం ఒక్కటే చాలదు. మొక్కజొన్న, సోయా చెక్కలోని భాస్వరంలో ఎక్కువ భాగం కోడికి అరగదు. అందుకే డైకాల్షియం ఫాస్ఫేట్ గాని, ఫైటేజ్ ఎంజైము గాని కలుపుతారు. డి3 విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. పిల్లల దాణాలో క్వింటాలుకు సుమారు 6 గ్రాముల మాంగనీసు ఉండాలి. అది కొరవడితే మడమ కీలు వాచి, నరం పక్కకు జారి, కాలు వంకర తిరుగుతుంది.

పత్తి పండే ఈ సీమలో పత్తి చెక్క చవకగా దొరుకుతుంది. అందులోని గాసిపాల్ అనే విషపదార్థం వల్ల నిలవ ఉంచిన గుడ్ల పచ్చసొన రంగు మారుతుంది. అన్నభేదిలోని ఇనుము ఈ విషాన్ని పట్టి ఉంచుతుంది. అయితే ఎంత కలపాలో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి తప్ప, సొంత అంచనా పనికిరాదు.

ఖనిజాలను దోసిళ్లతో కాక త్రాసుతో కొలిచి, ముందు కొద్ది దాణాలో కలిపి, తర్వాత మొత్తంలో కలపాలి. పెంకు పలచబడుతున్నట్టు కనిపించగానే దాణా నమూనా పరీక్ష చేయించుకుంటే, కోళ్లు కాళ్లు పడిపోకముందే నష్టాన్ని ఆపవచ్చు.