సమాధి స్థలాల జియోకాషింగ్

సమాధి స్థలాల జియోకాషింగ్ అనగా ఉపగ్రహ స్థాననిర్దేశ వ్యవస్థ (జీపీఎస్) సాయంతో ఒక సమాధిని వెదకి చేరుకొని, అందులో నిద్రించిన వ్యక్తిని గురించి తెలుసుకొనే కాలక్షేపం. పలు దేశాలలో తొలితరపు మతబోధకులను, ఉపాధ్యాయులను, వలస వచ్చి స్థిరపడినవారిని ఈ పద్ధతిలో స్మరించుకొంటున్నారు. తెలుగునాట బాప్టిస్టు సంఘాల మార్గదర్శకుల చరిత్రకు కూడా ఈ పద్ధతి వర్తిస్తుంది.

ఆవిర్భావం

పౌరులకు అందే జీపీఎస్ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా ఉంచిన దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తొలగించింది. మరునాడే డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఒరెగాన్ రాష్ట్రంలో ఒక డబ్బాను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. దానిని కనుగొన్నవారు లోపలి పుస్తకంలో తమ పేరు వ్రాయాలి. ఇలా దాచిన డబ్బాను జియోకాష్ అంటారు.

పద్ధతి

సమాధి స్థలాలలో సాధారణంగా డబ్బాను సమాధి వద్ద ఉంచరు. రాతిపై చెక్కిన అంకెలతో చిన్న లెక్క చేయించి, దాని ఫలితం ద్వారా మరొకచోట ఉన్న డబ్బా స్థానాన్ని తెలుపుతారు. కనుక శిలాఫలకాన్ని శ్రద్ధగా చదవనివారికి డబ్బా దొరకదు.

ఉదాహరణకు పశ్చిమ బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ఉన్న విలియం కేరీ సమాధిని తీసుకోవచ్చు. ఈ బాప్టిస్టు బోధకుడు 1814లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి వెలువడింది. ఆయన 1761 ఆగస్టు 17న జన్మించి, 1834 జూన్ 9న మరణించాడు. మరణించేనాటికి ఆయన వయస్సెంత అని అడిగితే, సంవత్సరాలను మాత్రమే తీసివేసినవారు 73 అంటారు. నెలలను కూడా చూసినవారికి 72 అనే సరైన సమాధానం వస్తుంది. తన సమాధిపై ప్రశంసలు వద్దని, క్లుప్తమైన లేఖనం చాలునని కేరీ ముందుగానే కోరాడు. అందువలన ఆ రాయిని చూసిన సందర్శకునికి ఆయన కృషిని గురించి చెప్పే బాధ్యత జియోకాష్ వివరణపై పడుతుంది.

తెలుగు బాప్టిస్టు మార్గదర్శకులు

తెలుగు ప్రాంతంలో ఒక ఇబ్బంది ఉన్నది. పలువురు మార్గదర్శకులు పనిచేసినది ఒకచోట, కన్నుమూసినది మరొకచోట. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను ప్రారంభించిన శామ్యూల్ ఎస్. డే, 1871లో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఇ. క్లౌ కూడా 1910లో అదే రాష్ట్రంలో మరణించాడు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 1878 జులై 3న 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినది క్లౌ నాయకత్వంలోనే.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1879లో, నాటి నిజాం రాజ్యంలోని హనుమకొండలో ఎ. లఫ్‌రిడ్జ్ బాప్టిస్టు మిషన్ కేంద్రాన్ని నెలకొల్పాడు. వరంగల్లు ప్రాంతంలో బాప్టిస్టు సేవకు ఇది నాంది. ఇటువంటి చరిత్రను ఒకే సమాధి చెప్పలేదు. పలు దశలు గల జియోకాష్ మాత్రం నెల్లూరు, గుండ్లకమ్మ తీరం, హనుమకొండలను ఒక వరుసలో కలుపగలదు.

తెలుగువారైన బోధకుల విషయంలో ఇది మరింత అవసరం. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువర్గంలో బోధించాడు. 1867 ఆరంభంలో క్లౌ ఆ గ్రామానికి వెళ్ళేనాటికే పేరయ్య అక్కడ విశ్వాసులను సిద్ధపరచి ఉంచాడు. సమాధులను మాత్రమే ఆధారం చేసుకొంటే చెక్కిన రాయి గలవారే జ్ఞాపకం ఉంటారు. పేరయ్య వంటివారిని స్మరించడానికి ఆయన నడచిన గ్రామమే గుర్తుగా నిలుస్తుంది.

నియమాలు

* స్థలం యజమాని లేక సంఘ పెద్దల అనుమతి పొందవలెను.
* నేలను త్రవ్వరాదు. సమాధిపై ఏ వస్తువునూ ఉంచరాదు.
* అక్షరాలు కనిపించడానికి రాతిని గీకరాదు, సుద్ద పూయరాదు.
* అంత్యక్రియలు జరుగుతున్నపుడు, చీకటి పడిన తరువాత ప్రవేశించరాదు.
* వరంగల్లు కోట వంటి రక్షిత కట్టడాలలో డబ్బాలు దాచరాదు. అటువంటిచోట డబ్బా లేకుండా, కేవలం ప్రశ్నకు సమాధానం కోరడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* విలియం కేరీ
* హనుమకొండ
* జీపీఎస్