విశాఖకు లక్షల కోట్లు వస్తున్నాయి.. మరి క్లీన్ టెక్ స్టార్టప్‌కి డబ్బు ఎందుకు దొరకదు?

విశాఖ గోపాలపట్నం పేరు చెబితే చాలామందికి 2020 మే 7 తెల్లవారుజామే గుర్తొస్తుంది. పక్కనే ఉన్న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలు కావాలి, ఉద్యోగాలు కావాలి. కానీ ఊపిరి తీసే ఫ్యాక్టరీ వద్దు. మరి గాలిని పాడుచేయని కొత్త పరిశ్రమ పెట్టాలంటే డబ్బు ఎవరిస్తారు?

వెంటనే వినిపించే మాట వెంచర్ క్యాపిటల్. బ్యాంకు అయితే తనఖా అడుగుతుంది. వెంచర్ ఫండ్ అడగదు, కంపెనీలో వాటా తీసుకుంటుంది. పది కంపెనీల్లో పెడితే ఎనిమిది మునిగినా ఫర్వాలేదు, ఒకటి రెండు బాగా పెరిగితే చాలు అన్నది లెక్క. అయితే ఆ ఫండ్‌కి ఆయుష్షు సాధారణంగా పదేళ్లే. ఆలోగా వాటాలు అమ్ముకుని బయటపడాలి.

యాప్ కంపెనీకి ఈ లెక్క కుదురుతుంది. బ్యాటరీకి, హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్‌కి కుదరదు. ల్యాబ్‌లో పనిచేయాలి, తర్వాత చిన్న ప్లాంట్, ఆ తర్వాత అసలు ప్లాంట్. ప్రతి మెట్టుకీ ఏళ్లు, కోట్లు. అమెరికాలోనే 2006 నుంచి 2011 మధ్య ఈ రంగంలో 2,500 కోట్ల డాలర్లకు పైగా వెంచర్ డబ్బు పెట్టారు. అందులో సగానికి పైగా పోయిందని 2016లో ఎంఐటీ పరిశోధకులు తేల్చారు.

మన దగ్గర ఇంకో తలనొప్పి కూడా ఉంది. కరెంటు కొనేది ప్రధానంగా ప్రభుత్వ డిస్కంలే. 2019లో ఏపీ ప్రభుత్వం పాత సోలార్, విండ్ ఒప్పందాల రేట్లను తిరగదోడాలని చూసింది. ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలని హైకోర్టు తీర్పు ఇచ్చేసరికి 2022 మార్చి వచ్చింది. పదేళ్ల ఫండ్‌లో ఇలా రెండు మూడేళ్లు కోర్టులోనే గడిచిపోతే ఎవరు ధైర్యం చేస్తారు?

అందుకే తెలుగు నేల మీద పెద్ద డబ్బు రిస్క్ తగ్గిన చోటికే వెళ్లింది. హైదరాబాద్ కంపెనీ ఫోర్త్ పార్ట్‌నర్ ఎనర్జీనే చూడండి. కొత్త ప్యానెల్ ఏదీ కనిపెట్టలేదు. ఫ్యాక్టరీల పైకప్పుల మీద సోలార్ పెట్టి కరెంటు అమ్ముతుంది. 2018లో టీపీజీ వారి రైజ్ ఫండ్ 7 కోట్ల డాలర్లు, 2021లో నార్వే ప్రభుత్వ సంస్థ నార్‌ఫండ్ 10 కోట్ల డాలర్లు పెట్టాయి. గ్రీన్‌కోలో ప్రధానంగా ఉన్నదీ సింగపూర్, అబుదాబి ప్రభుత్వాల నిధులే. వీటిని వెంచర్ అనలేం.

ఇక విశాఖ సంగతి. 2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేసిన పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్ అంచనా దాదాపు 1.85 లక్షల కోట్లు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. పెట్టేది ఎన్టీపీసీ గ్రీన్, అంటే ప్రాజెక్టు డబ్బు. అంకె పెద్దదే, కానీ కుర్రాళ్ల కంపెనీకి అందులోంచి నేరుగా రూపాయి రాదు.

రావాలంటే దారి ఒక్కటే.. ఆర్డర్. హైడ్రోజన్‌కి రంగు, వాసన ఉండవు. అంత పెద్ద హబ్‌లో లీక్‌ను పట్టే సెన్సర్లు, వాల్వులు కావాల్సిందే. అలాంటి సెన్సర్ తయారుచేసే గోపాలపట్నం ఇంజినీర్‌కి ఇన్వెస్టర్ కంటే ముందు కొనేవాడు దొరకాలి. చేతిలో పర్చేజ్ ఆర్డర్ ఉంటే బ్యాంకు కూడా మాట్లాడుతుంది.

పరిశోధనను మార్కెట్‌కి తెచ్చేందుకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులిచ్చే లక్ష కోట్ల ఆర్‌డీఐ పథకానికి కేంద్ర కేబినెట్ 2025 జులైలో ఓకే చెప్పింది. ప్రభుత్వ కొనుగోళ్లలో గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ నిబంధనల్లో సడలింపు ఇచ్చే వీలూ ఉంది. నాణ్యతలో మాత్రం మినహాయింపు లేదు. టెండర్ పేపర్లో ఆ సడలింపు పెట్టారో లేదో ముందే చూసుకోవాలి.