ఆరుద్ర కాదు... అంటితే బొబ్బే!

కంది చేను పూతకొచ్చిందంటే మరిపెడ రైతుకు కాస్త ఊపిరాడినట్టే. సరిగ్గా అప్పుడే దిగుతుందో పిలవని చుట్టం. నల్లటి ఒళ్లు, రెక్కల మీద అడ్డంగా నారింజ రంగు పట్టీలు, ఇంచుమించు అంగుళం పొడవు. పట్టపగలే పూల మీద వాలి రేకులూ పుప్పొడీ నమిలేస్తుంది. పువ్వే పోతే ఇక కాయ ఎక్కడిది! కంది ఒక్కటే కాదు, పెసర, మినుము, అలసంద, బెండ... ఏది పూస్తే అక్కడ హాజరు.

చూడ్డానికి ముచ్చటగా ఉందని పిల్లలు పట్టుకుంటేనే చిక్కు. తొలకరిలో ఆరుద్ర పురుగును అరచేతిలో ఆడించిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆరుద్ర సాధుజీవి. ఎనిమిది కాళ్లతో సాలీడుకు బంధువు. ఇదేమో ఆరు కాళ్ల పెంకు పురుగు. నొక్కితే కాళ్ల కీళ్లలోంచి పసుపుపచ్చని ద్రవం ఊరుతుంది. అందులోని కాంథరిడిన్ తగిలిన చోట కొన్ని గంటల్లో నీటిబొబ్బ లేస్తుంది. అందుకే దీన్ని బ్లిస్టర్ బీటిల్ అంటారు.

శాస్త్రవేత్తలకూ ఇది తలనొప్పే! లిన్నేయస్ శిష్యుడు థన్‌బర్గ్ దీనికి పుస్టులేటా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో పుస్టులా అంటే పొక్కు. ఇంటిపేరు దగ్గరే గొడవ. కొందరు మైలాబ్రిస్ అంటారు, కొందరు హైక్లియస్‌లో చేరుస్తారు. ఫలరేటా అనే దాయాదికీ దీనికీ పట్టీలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రంగు చూసి తేల్చడం కష్టం. మగ పురుగు జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే. మెలాయిడే అనే వీటి పెద్ద కుటుంబానికి పొడి నేలలంటే ప్రీతి. అమెరికాలో ఆరిజోనా ఎడారి పూసినప్పుడు ఎర్ర తల, నల్ల రెక్కల చుట్టాలు గుంపులుగా తేలతాయి. మన చారల రకం మాత్రం ఆ ఖండంలో లేదు.

విషం తయారుచేసేది మగ పురుగే. జతకట్టేటప్పుడు ఆడదానికి కానుకగా ఇస్తుంది. ఆమె దాన్ని గుడ్లకు రక్షణగా పూస్తుంది. 1810లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రోబికే ఈ పదార్థాన్ని వేరుచేశాడు. చచ్చిన పురుగులోనూ అది పోదు. అమెరికాలో ఎండుగడ్డితో పాటు వీటిని తిని గుర్రాలు చనిపోతుంటాయి. అదే మందు 2023లో అక్కడ ఓ రకం వైరస్ పులిపిర్లకు చికిత్సగా అనుమతి పొందింది. అయితే అది డాక్టరు చేతిలో ఉండాల్సిన వస్తువు, ఇంటి వైద్యానికి కాదు.

మరి చంపేయడమేనా? రైతు అక్కడే ఆలోచనలో పడతాడు. మట్టిలో పొదిగిన పిల్లపురుగు పొడుగు కాళ్లతో పరుగెత్తి మిడతల గుడ్లను వెతికి తింటుంది. ఆ తర్వాతే కాళ్లు కురచై లావెక్కుతుంది. పంటను తినే మిడతకు అదే శత్రువు! పూతను కాపాడుకోవాలంటే పురుగులు మందకొడిగా ఉండే తెల్లవారుజామున తొడుగులేసుకుని, వలతో పట్టి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయాలి. ద్రవం ఒంటికి తగిలితే సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కళ్లు మాత్రం నులుముకోకూడదు.