కెంటకీ రాష్ట్రమున ఊపిరితిత్తుల క్యాన్సరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఒహాయో నదికి దక్షిణపు ఒడ్డున కెంటకీ అను రాష్ట్రము కలదు. దాని జనసంఖ్య సుమారు 45 లక్షలు. పచ్చిక బయళ్ళకు, పందెపు గుర్రములకు, బొగ్గు గనులకు అది పేరు పొందినది. ప్రపంచమున ఇంతవరకు కొలిచిన గుహలన్నిటిలో పొడవైన మామత్ గుహ అచ్చటనే యున్నది. పొగాకు పంటకు గూడ ఆ నేల చిరకాలముగా ప్రసిద్ధము. అయితే ఆ దేశపు వైద్యులు కెంటకీని మరియొక కారణమున గూడ తలచుకొందురు. ఊపిరితిత్తుల క్యాన్సరు మిక్కుటముగా నున్న రాష్ట్రముల పట్టికలో కెంటకీ ఏండ్ల తరబడి మొదటి స్థానమున నిలిచినది. ఒకే దేశమునందు, ఒకే విధమైన వైద్యవిద్య గల చోట, ఒక రాష్ట్రముపై ఈ భారము ఇంత హెచ్చుగా పడుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో గణితము, రసాయనశాస్త్రము, భూగర్భశాస్త్రము మూడును మనకు తోడు రావలసి యుండును.

లెక్క ఎట్లు కట్టుదురు?

కెంటకీలో ప్రతి సంవత్సరము దాదాపు 5,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడుచున్నది. 45 లక్షల మందికి 5,000 అనగా లక్షకు సుమారు 111. దీనిని స్థూల రేటు అందురు. కాని అచ్చటి నివేదికలను చూచినచో 2015–2019 సంవత్సరములకు లక్షకు ఎనుబదికి పైబడిన సంఖ్య మాత్రమే కనిపించును. ఈ తేడా ఎందుకు వచ్చినది?

క్యాన్సరు ముఖ్యముగా వయసు మీరినవారికి వచ్చు వ్యాధి. ఒక ఊరిలో వృద్ధులు ఎక్కువ, మరియొక ఊరిలో పిల్లలు ఎక్కువ అనుకొనుడు. మొదటి ఊరిలో రోగులు హెచ్చుగా నున్నంత మాత్రమున అచ్చటి గాలియో, నీరో చెడ్డదని చెప్పజాలము. కనుక రెండు ఊళ్ళలోను వయోవర్గముల పాళ్ళు సమానముగా నున్నట్లు భావించి రేటును సరిచేయుదురు. ఇందుకు అమెరికాలో 2000 సంవత్సరపు జనాభాను ప్రమాణముగా గ్రహింతురు. ఇట్లు సరిచేసిన తరువాత గూడ కెంటకీ రేటు 80 దాటియుండగా, అదే కాలమున దేశపు సగటు 60కి లోపుగనే యున్నది. కావున ఈ తేడాకు వృద్ధుల సంఖ్య కారణము కాదని తేలినది. ప్రతి రోగి వివరమును నమోదు చేయు రాష్ట్ర క్యాన్సరు రిజిస్ట్రీకి 1990లో శాసనసభ చట్టబద్ధత కల్పించుటచేతనే ఇట్టి లెక్కలు సాధ్యమైనవి. లెక్క లేనిచోట రోగము లేనట్లే తోచును. నిజమునకు అది కనబడకుండ ఉండును, అంతే.

పొగాకుతో అల్లుకొన్న జీవితము

మన ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాలలో వర్జీనియా పొగాకును బేరనులలో వేడిగాలితో పదునుచేయుట పాఠకు లెరిగినదే. కెంటకీ పంట ముఖ్యముగా బర్లీ రకము. మన వినుకొండ ప్రాంతమున గూడ బర్లీ పండింతురు. దీనికి నిప్పు అక్కరలేదు. కోసిన మొక్కలను గాలి పారెడి పెద్ద కొట్టములలో వ్రేలాడదీసి వారముల తరబడి ఆరనిత్తురు. ఇట్లు ఆరిన ఆకులో నైట్రేటులు ఎక్కువగా ఉండి, నైట్రోసమీనులను క్యాన్సరు కారక పదార్థములు ఏర్పడుటకు తోడ్పడును.

కెంటకీలో చిన్న కమతములు గల రైతు కుటుంబములకు రొక్కము తెచ్చిపెట్టిన పంట ఇదియే. 1938 నుండి ఏ రైతు ఎంత అమ్మవచ్చునో ప్రభుత్వమే నిర్ణయించి ధరకు అండగా నిలిచెను. అప్పులు తీరుటకును, పిల్లల చదువులకును ఆధారము పొగాకే. ఇట్టి చోట దానిని నిందించుట ఎవరికైనను కష్టమే. సిగరెట్టు పెట్టెపై రాష్ట్రపు పన్ను 2005 వరకు 3 సెంట్లు మాత్రమే. ధర చౌక, వాడుక గౌరవము; అందుచేత 2000 ప్రాంతమున వయోజనులలో ప్రతి పదిమందిలో ముగ్గురు పొగ త్రాగుచుండిరి. స్త్రీలును ఇందుకు మినహాయింపు కారు.

పొగ లోపల చేయు పని

మన శ్వాసనాళముల లోపలి పొరకు సూక్ష్మమైన కేశముల వంటి శైలికలు కలవు. ఇవి ఎడతెగక కదలుచు, దుమ్మును జిగురుతో కూడ పైకి నెట్టుచుండును. పొగ వీనిని మొదట చచ్చుపడజేయును. అంతట విషపదార్థములు లోపలనే నిలిచిపోవును. అందులో బెంజోపైరీను ఒకటి. శరీరము దానిని కరిగించి వెలికి పంపుటకు చేయు ప్రయత్నములోనే అది మరింత చురుకైన రూపము పొంది, కణకేంద్రములోని డి.ఎన్.ఏ.కు అంటుకొనును. కణ విభజనకు కళ్ళెము వంటి పి53 అను జన్యువు ఇట్లు దెబ్బతినుట శాస్త్రజ్ఞులు గమనించిరి. కళ్ళెము తెగిన కణము అదుపు లేక పెరుగును.

ఒక్క దెబ్బతో ఇది జరుగదు. అనేక మార్పులు ఒకదానిపై నొకటి చేరుటకు 20, 30 ఏండ్లు పట్టును. 1950లో ఇంగ్లండునందు డాల్, హిల్ అను పరిశోధకులును, అమెరికాలో విండర్, గ్రాహం అనువారును పొగకును ఈ వ్యాధికిని గల సంబంధమును అంకెలతో చూపిరి. ఈ గ్రాహం శస్త్రవైద్యుడు. 1933లో ఒక రోగికి క్యాన్సరు సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి బ్రతికించినవాడు. ఆయనకు గూడ పొగ అలవాటుండెను. తన పరిశోధన తనకే నచ్చజెప్పగా మానివేసెను, కాని ఆలస్యమైనది. 1957లో అదే వ్యాధితో మరణించెను. ఆయన రక్షించిన రోగి మాత్రము ఆయన కంటె ఎక్కువ కాలము జీవించెను.

నేలనుండి వచ్చు వాయువు

కెంటకీ భారమునకు పొగాకు ప్రధాన కారణమైనను అది యొక్కటియే కాదు. ఆ రాష్ట్రమున చాల భాగము సున్నపురాతి నేల. వాననీరు ఆ రాతిని కరిగించి గుహలను, పగుళ్ళను ఏర్పరచినది. కొన్నిచోట్ల యురేనియము కలిగిన నల్లని పలకరాతి పొరలును కలవు. యురేనియము క్రమముగా క్షయించి రేడియముగను, రేడియము రేడానుగను మారును. రేడాను రంగు, రుచి, వాసన లేని వాయువు. ఇది నేల పగుళ్ళగుండ ఇండ్లలోనికి, ముఖ్యముగా నేలమాళిగలలోనికి చేరును.

దీని అర్ధజీవితము 3.8 రోజులు. అనగా ఈ కాలములో దాని పరమాణువులలో సగము క్షయించి పొలోనియము మున్నగు ఘనపదార్థములుగా మారును. ఇవి ఊపిరితో లోనికి పోయి, అంటుకొని, ఆల్ఫా కణములను వెలిగ్రక్కును. ఒక కాగితమును గూడ దాటలేని ఆల్ఫా కణము మన చర్మమును ఏమియు చేయదు. ఊపిరితిత్తుల పలుచని పొర సంగతి వేరు, అచ్చట డి.ఎన్.ఏ.ను అది సూటిగా తాకును. అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ప్రకారము రేడాను వలన ఆ దేశమున ఏటా 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించుచున్నారు. పొగ త్రాగువారి ఇంట రేడాను ఉన్నచో అపాయము అనేక రెట్లగును. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, లేక అంతకు మించి కనబడినచో గొట్టము, పంకా అమర్చి వాయువును ఇంటి కప్పు పైకి పంపివేయవలెనని ఆ సంస్థ సలహా. తూర్పు కొండలలోని బొగ్గు గనులలో రాతి దుమ్ము, పేదరికము, ఆసుపత్రులకు గల దూరము ఈ భారమునకు తోడైనవి.

ముందుగా పట్టుకొనుట

ఈ వ్యాధి తొలిదశలో నొప్పి కలిగింపదు. అదియే దాని కపటము. పుట్టినచోటనే ఉండగా పట్టుకొన్నచో పదిమందిలో ఆరుగురు అయిదేండ్లకు పైగా జీవింతురు. ఇతర అవయవములకు ప్రాకిన తరువాతనైనచో ఒక్కరైనను మిగులుట అరుదు. 2011లో ప్రకటితమైన అమెరికా జాతీయ పరిశోధనలో 53,000 మందికి పైగా పాల్గొనిరి. తక్కువ మోతాదు సి.టి. పరీక్షను ఏటేట చేయించుకొన్నవారిలో ఈ వ్యాధి మరణములు, మామూలు ఎక్స్‌రే తీయించుకొన్నవారి కంటె 20 శాతము తగ్గినట్లు తేలినది.

ఈ పరీక్ష అందరికిని కాదు. అపాయము లేని మచ్చను చూచి భయపడుట, అనవసరపు శస్త్రచికిత్స అను నష్టములు కలవు. కనుక 2021 సలహా ప్రకారము 50 నుండి 80 ఏండ్ల లోపు వారై, 20 పెట్టె-సంవత్సరములు పొగ త్రాగి, ఇంకను త్రాగుచున్నవారికి లేక మాని 15 ఏండ్లు కానివారికి మాత్రమే దీనిని చేయుదురు. రోజుకు 20 సిగరెట్ల పెట్టె ఒకటి చొప్పున ఒక సంవత్సరము త్రాగినచో ఒక పెట్టె-సంవత్సరము. రోజుకు 10 చొప్పున 40 ఏండ్లు త్రాగినవాని లెక్క ఎంతో విద్యార్థులు కట్టి చూచుకొనవచ్చును. ఈ పరీక్షను ప్రజలకు అందించుటలో అతి భారము మోయుచున్న కెంటకీయే ముందు వరుసకు చేరినది. ముదిరిన దశలో బయటపడు కేసుల రేటు అచ్చట తగ్గుముఖము పట్టినది.

మార్పు నెమ్మదిగా వచ్చును

2004లో లెక్సింగ్టన్ నగరము బహిరంగ భవనములలో పొగను నిషేధించెను. అదే సంవత్సరము కేంద్ర చట్టము రైతులకు పరిహారమిచ్చి పాత కోటా పద్ధతిని ముగించెను. వేలాది కుటుంబములు ఇతర పంటలకు మరలినవి. పన్ను 2018 నాటికి పెట్టెకు 1 డాలరు 10 సెంట్లయినది. 2020 తరువాత పొగ త్రాగువారు సుమారు ఆరుగురిలో ఒకరికి దిగిరి. అయినను నేటి రోగులలో పెక్కుమంది 30 ఏండ్ల క్రిందటి అలవాటు ఫలమును అనుభవించుచున్నవారే. కుండకు పడిన చిల్లిని నేడు మూసినను, నిన్న కారిన నీరు తిరిగి రాదు.

మానుట ఎన్నడును వ్యర్థము కాదు. మాని పది, పదునైదేండ్లు గడచినచో అపాయము, త్రాగుచున్నవారితో పోల్చగా, దాదాపు సగమగును. అన్నిటికంటె మేలు మొదలుపెట్టకుండుట. అలవాటు సాధారణముగా పాఠశాల వయసులోనే అంటుకొనును. వ్యాధి బయటపడునది మనుమలు పుట్టు వయసులో. ఈ రెంటికిని నడుమ గల దూరమును తరగతి గదిలో స్పష్టముగ చూపగలిగిన ఉపాధ్యాయుడు ఏ యంత్రమునకు అందని దశలోనే ఈ వ్యాధిని అడ్డుకొన్నవాడగును.